లోడు మీద చూడు

"గంట మోగే ఉంటది నాయనా, నిద్రలో నీకే వినపడలేదు."

2014 మే నెలలో ఒక తెల్లవారుజామున హైదరాబాదు నుంచి ఫోన్లో మా నాయనతో నేనన్న మాట ఇది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయ్యుండొచ్చులేరా" అని ఫోను అమ్మ చేతికిచ్చాడు. ఆ రాత్రి తోటకు నీళ్ళు పారలేదు. మోగాల్సిన గంటను ఏర్పాటు చేసింది నేను, దాన్ని చెడగొట్టుకున్నదీ నేనే. నలభై ఏళ్ళు మోటార్ల హోరులో బతికిన మనిషి చెవుల మీదికి నా తప్పును తోసేశాను. ఆ మాట దాకా నన్ను నడిపించిన తెలివితక్కువతనాన్ని వరసగా చెప్పుకోవాలని ఇన్నేళ్ళకు కూర్చున్నాను.

మాది మార్కాపురం దగ్గర పల్లె. నాయనకు ఊళ్ళో మోటారు వైండింగ్ షాపు, ఊరి బయట మూడెకరాల బత్తాయి తోట. తోటలో బోరు, బోర్లో 5 హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్. అప్పట్లో మాకు త్రీఫేజు కరెంటు విడతలుగా వచ్చేది, పగలు కొంత, రాత్రి కొంత. వేళలు మారుతుండేవి. రాత్రి విడత పన్నెండింటికి వచ్చినా మూడింటికి వచ్చినా మనిషి లేచి, టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడిచిపోయి స్టార్టరు పచ్చ బటను నొక్కాలి. గట్టు పొడుగునా పుట్టలు. ఆటో స్టార్టరు పెట్టుకోమంటే నాయన ఒప్పుకునేవాడు కాదు. వోల్టేజీ ఎంతుందో కళ్ళతో చూడకుండా మోటారు ఎత్తించడం ఆయనకు ఇష్టం లేదు. ఎండాకాలంలో ఆయన షాపు ముందు వరసగా పడుకోబెట్టి ఉండే కాలిపోయిన మోటార్లలో చాలా భాగం లో వోల్టేజీకి బలైనవే. వోల్టేజీ పడిపోతే మోటారు అదే నీటిని పైకి లాగడానికి ఎక్కువ కరెంటు తాగుతుంది, వైండింగు వేడెక్కి వార్నిష్ కాలుతుంది. ఆ కాలిన వాసనలోనే నేను పెరిగాను. ఈ సంగతి రాసేటప్పుడు నాకు చాలా సిగ్గుగా ఉంది. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

ఆయనకు కావాల్సిందల్లా కరెంటు వచ్చిందని మంచం దగ్గర తెలియడం. "రెండు తీగలు లాగి బెల్లు పెడితే పోదంట్రా?" అన్నాడు. బోరు షెడ్డుకూ ఇంటికీ మధ్య దూరం తొంభై మీటర్లు. నడుమ రోడ్డు, పక్కవాళ్ళ చేను. వాళ్ళు కాదనేవాళ్ళు కాదు. కానీ నేను అప్పటికే రాస్‌బెర్రీ పై కొనుక్కుని ఉన్నాను. 2012 ఫిబ్రవరి 29న విడుదలైన ఆ అరచేతి కంప్యూటరు మీద నాకు పిచ్చి ప్రేమ. 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, రెండు యూఎస్‌బీ పోర్టులు, ఒక ఈథర్‌నెట్ పోర్టు, ఎస్‌డీ కార్డు మీద లినక్స్. వైఫై మాత్రం లేదు. అది బోర్డులోనే రావడం 2016లో వచ్చిన మూడో తరంతోనే మొదలైంది. కాబట్టి యూఎస్‌బీలో పెట్టుకునే చిన్న వైఫై అడాప్టరు, మేం డాంగిల్ అనేది, విడిగా కొనాలి. మూడు ఫేజులకు మూడు రిలేలు, వాటి కాంటాక్టులు బోర్డు పిన్నులకు. మూడూ పడగానే బోర్డు వైఫై మీద ఇంట్లో పాత లాప్‌టాప్‌కు కబురు పంపుతుంది, లాప్‌టాప్ గంట కొడుతుంది. కాగితం మీద ఒక పేజీ పని. తీగల సంగతి వదిలెయ్ నాయనా, ఇప్పుడవన్నీ ఎవరు వాడుతున్నారు అన్నాను.

మొదటి డాంగిల్ వేలిగోరంత ఉండేది. పెట్టగానే పనిచేసింది. అదే నా మొదటి దురదృష్టం, ఎందుకు పనిచేసిందో తెలుసుకోలేదు. రెండోది కూడా అలాంటిదే కావాలని అదే రంగు, అదే ఆకారం, డబ్బా మీద అదే పేరు ఉన్నది కొన్నాను. అది కదల్లేదు. లినక్స్‌కు డబ్బా మీది పేరుతో పనిలేదు. ప్రతి యూఎస్‌బీ వస్తువూ పోర్టులో పెట్టగానే తన గుర్తింపు సంఖ్య చెప్పుకుంటుంది, తయారీదారుది సగం, వస్తువుది సగం. ఏ డ్రైవరు దగ్గరున్న జాబితాలో ఆ సంఖ్య ఉంటే ఆ డ్రైవరు లేచి దాన్ని అందుకుంటుంది. ఏ జాబితాలోనూ లేకపోతే ఎవరూ పలకరు. ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం ఇస్తే ఆ సంఖ్య తెర మీద కనపడుతుంది. మొదటి డాంగిల్ సంఖ్య చివర 8176, అంటే లోపల ఆర్‌టీఎల్ 8188 సీయూఎస్ చిప్పు. రెండోదానికి 8179, అంటే 8188 ఈయూఎస్. ఒక్క అక్షరం తేడా ఉన్న ఆ రెండు చిప్పులకు కావాల్సిన డ్రైవర్లు పూర్తిగా వేరు. నా బోర్డులో ఉన్న కెర్నెల్‌లో, అంటే లినక్స్ నడిబొడ్డులో, రెండోదానికి డ్రైవరే లేదు.

ఆ సంఖ్యను నేను నాలుగు రాత్రులు 8176 అని చదివాను. చివరి తొమ్మిదిని ఆరుగా. మొదటిదానికి 8176 కాబట్టి రెండోదానికీ అదే ఉంటుందని మనసు ముందే తీర్మానించుకుంది, కన్ను దాన్నే చూపించింది. అదే డ్రైవరును తీసేసి మళ్ళీ పెట్టాను, సెట్టింగులు తిరగరాశాను, ఎస్‌డీ కార్డు మొత్తం చెరిపి కొత్తగా రాశాను. ఐదో రాత్రి మా గదిలో ఉండే కుర్రాడు, కంప్యూటర్లతో సంబంధం లేనివాడు, మంచినీళ్ళకు లేచి తెర వైపు చూసి "అన్నా, కాగితం మీద ఆరు రాసుకున్నావ్, అక్కడ తొమ్మిది కదా" అన్నాడు. వాడికి థాంక్స్ కూడా చెప్పలేదు. చిరాకు పడ్డాను.

తర్వాత డ్రైవరు సోర్సు తెచ్చి కంపైల్ చేశాను. ఆ చిన్న బోర్డు మీద అది గంటల పని. పనిచేసింది. వారం తర్వాత సిస్టమ్ అప్‌డేట్ చేశాను, కెర్నెల్ మారింది. నేను కంపైల్ చేసిన మాడ్యూలు పాత కెర్నెల్ కొలతలకు కుట్టింది. కొత్త కెర్నెల్ దాన్ని తీసుకోనంది, "ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అంది. కెర్నెల్ అలా అనడం నన్ను కాపాడటానికే. లోపలి అమరికలు మారినప్పుడు పాత మాడ్యూలును లోనికి రానిస్తే అది తనది కాని జ్ఞాపకస్థలంలో రాసి మొత్తం యంత్రాన్ని పడగొట్టగలదు. నేనేం చేశానంటే, బలవంతంగా ఎక్కించే ఆప్షను ఒకటి ఉందని తెలుసుకుని దాన్ని వాడాను. బోర్డు బిగుసుకుపోయింది. ప్లగ్గు పీకాను. కార్డు మీది ఫైల్‌సిస్టమ్ పాడైంది, రిలేల ప్రోగ్రాము పోయింది. ఇంకెక్కడా కాపీ పెట్టుకోలేదు. కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూలును దానంతటదే తిరిగి కంపైల్ చేసే డీకేఎంఎస్ అనే సదుపాయం అప్పటికే ఏళ్ళుగా ఉంది. దాని గురించి చదవడానికి అరగంట చాలు.

ఇంత దాకా జరిగినవి తప్పులే గానీ వాటితో ఇంకొకరికి నష్టం లేదు. నష్టం అవి నాలో మిగిల్చిన నమ్మకంతో వచ్చింది. ప్రతిసారీ చివరికి రోగం సాఫ్ట్‌వేరులోనే తేలింది, నేనే కుదిర్చాను. దాంతో డాంగిల్ పలక్కపోతే జబ్బు అక్కడే ఉంటుందని నా బుర్రలో గట్టిగా నాటుకుపోయింది.

ఏప్రిల్లో ఊరికెళ్ళి షెడ్డులో బిగించాను. గోరంత డాంగిల్‌కు తొంభై మీటర్లు అందలేదు. పొడుగు యాంటెన్నా ఉన్న పెద్ద డాంగిల్ తెచ్చాను, లోపల ఏఆర్ 9271 చిప్పు. ఈ చిప్పు తన ప్రోగ్రామును తనలో దాచుకోదు. కరెంటు అందిన ప్రతిసారీ బోర్డే ఒక ఫర్మ్‌వేర్ ఫైలును దాని నోట్లో పోయాలి. ఆ ఫైలు నా కార్డు మీద లేదు. బోర్డు జరిగిందంతా రాసుకునే చిట్టాలో, అంటే లాగులో, మైనస్ 2 అని లోపం సంఖ్య వచ్చింది, అంటే అడిగిన ఫైలు దొరకలేదని. ప్యాకేజీ ఎక్కించగానే యాంటెన్నా పక్క దీపం వెలిగింది, ఇంటి వైఫై దొరికింది. సాఫ్ట్‌వేరు నమ్మకానికి ఇంకో ముడి పడింది.

షెడ్డులో కరెంటుతో నిమిత్తం లేకుండా నడవాలి కదా, అందుకని పాత ట్రాక్టరు బ్యాటరీ ఒకటి, పైన చిన్న సోలారు పలక. బ్యాటరీ 12 వోల్టులను 5కు దించడానికి కారులో ఫోను పెట్టుకునే చార్జరు. బ్యాటరీ కింద నేల మీద ఉంది. సిగ్నల్ కోసం బోర్డును కిటికీ పైకి ఎక్కించాను. ఆ ఎత్తుకు చార్జరు దగ్గర్నుంచి రెండు మీటర్ల యూఎస్‌బీ తీగ కావాల్సొచ్చింది. మార్కాపురం బజార్లో యాభై రూపాయలకు దొరికింది. తెల్లగా, సన్నగా, మెత్తగా చూడ్డానికి ముచ్చటగా ఉంది. హైదరాబాదులో అన్ని వారాలూ బోర్డును నడిపింది మూరెడు తీగ. ఈ మార్పును నేను మార్పుగా లెక్కే వేయలేదు. తీగ తీగే కదా.

గుర్తులు లేకపోలేదు. బోర్డు నడుస్తుండగా పెద్ద డాంగిల్‌ను గుచ్చితే బోర్డు మొత్తం ఆగి మళ్ళీ మొదలయ్యేది. మొదటి విడత బోర్డుల్లో ఒక్కో యూఎస్‌బీ పోర్టుకు 140 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు ఉండేది, తర్వాతి బోర్డుల్లో తీసేశారు. నాది తీసేసిన రకం. దాంతో డాంగిల్ ఒక్కసారిగా గుక్కెడు కరెంటు లాగితే ఆ దెబ్బ నేరుగా బోర్డుకే తగిలేది. నేను దాన్ని కెర్నెల్ లోపం అనుకుని, "ముందే గుచ్చి తర్వాత ఆన్ చెయ్యాలి" అని చీటీ రాసి గోడకంటించాను. డాంగిల్ తనకు 500 మిల్లీ ఆంపియర్ల దాకా కావాలని ఎల్ఎస్‌యూఎస్‌బీ వివరాల్లో తానే చెప్పుకుంది. ఆ వరసను చూశాను, దాటి పోయాను. బోర్డు మీది ఎర్ర దీపం నిండుగా వెలుగుతోంది గదా అని ధైర్యం. ఆ మోడల్లో ఎర్ర దీపం లోపలి 3.3 వోల్టుల లైను మీద ఉండేది. 5 వోల్టుల లైను ఎంత కుంగినా దానికి తెలిసేది కాదు. ఆ జూలైలో వచ్చిన బీ ప్లస్ మోడల్లో వోల్టేజీ 4.63కు తగ్గితే దీపం ఆరేలా మార్చారు. దీపం సంగతి తెలియకపోవడం నా తప్పు కాకపోవచ్చు. మీటరు పెట్టి చూడకపోవడం నా తప్పే. షాపు నిండా మీటర్లున్న ఇంట్లో పుట్టాను.

మొదటి పది రోజులు గంట బాగానే మోగింది. అమ్మ ఊరంతా చెప్పుకుంది. తర్వాత ఒక రాత్రి మోగింది, ఇంకో రాత్రి మోగలేదు. ఫోన్లో విని "రూటరు ఆపి వేయండి" అనేవాడిని. మే మూడో వారంలో ఎండలు మండుతున్న రోజుల్లో నాయన నా మాట మీద పూర్తిగా ఆధారపడి పడుకున్నాడు. అంతకుముందు అలవాటు కొద్దీ రాత్రి రెండుసార్లు లేచేవాడట. "నువ్వు లేవాల్సిన పన్లేదు నాయనా, అదే లేపుద్ది" అని నేనే మాన్పించాను. కరెంటు ఒంటిగంటకు వచ్చి తెల్లవారుజాము నాలుగింటికి పోయింది. గంట లేదు. మర్నాటి పగటి విడతలో లైను చెడి కరెంటే రాలేదు. నిమ్మకాయంత అయిన బత్తాయి కాయలు ఆ రెండు రోజుల ఎండకు చెట్ల కింద రాలాయి. ఎన్ని రాలాయో నాయన నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది. ఆ తెల్లవారుజామున ఫోన్లోనే నేను ఆ మాట అన్నది.

నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. బోర్డు ప్రతి ఐదు నిమిషాలకూ "ఉన్నాను" అని లాప్‌టాప్‌కు ఒక కబురు పంపేలా రాసిపెట్టాను కదా, ముందు ఆ ఫైలు తెరిచాను. ఆ రాత్రి 11 గంటల 40 నిమిషాల తర్వాత ఒక్క వరస లేదు. బోర్డు నుంచి కబురే రాలేదు. లాప్‌టాప్ గంట కొట్టలేదు. మంచం మీద పడుకున్న మనిషికి వినపడటానికి అక్కడ ఏ శబ్దమూ లేదు. నేను ఫైలు మూసేశాను. నాయన పక్కగదిలో ఉన్నాడు. నాలుగడుగులు నడిచి వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. ముందు బాగుచేసి తర్వాత చెబుదామనుకున్నాను. బాగుచేశాక చెప్పాల్సిన అవసరం లేదనిపించింది.

షెడ్డులో బోర్డు లాగు తీస్తే డాంగిల్ ఊడిపోయినట్టు, మళ్ళీ కొత్తగా గుచ్చినట్టు వరసలు. ఎవరూ ముట్టుకోలేదు. కొత్త యూఎస్‌బీ వస్తువు, సంఖ్య 4. ఊడింది. కొత్త వస్తువు, సంఖ్య 5. ఊడింది. అలా నలభై దాటింది. ఒక దశ తర్వాత అదీ లేదు. ఎందుకంటే సెట్టింగుల ఫైల్లో వైఫైని బోర్డు మొదలైనప్పుడు మాత్రమే లేపమని రాశాను, మధ్యలో ఊడి తిరిగొచ్చినప్పుడు కూడా లేపడానికి వేరే మాట రాయాలి. అది రాయలేదు. ఒక్కసారి పడితే తెల్లారేదాకా పడే ఉండేది.

ఆ వరసలను చూసి డ్రైవరు చెడ్డదనుకున్నాను. రెండు రోజులు కెర్నెల్ వెనక్కి దించాను, ముందుకు తెచ్చాను. వైఫై పవర్ సేవింగ్ ఆపాను. రూటరు చానల్ 13 మీద ఉందని 6కు మార్చాను. చానల్ 13 మన దేశంలో వాడుకోవచ్చు, బోర్డులో దేశం కోడు అమెరికా అని ఉంటే అది కనపడదు, నా బోర్డులో ఇండియా అనే ఉంది. అంటే ఆ మార్పుకు అర్థమే లేదు, అయినా చేశాను. చెయ్యడం ఆపితే ఆలోచించాలి కాబట్టి చేస్తూ పోయానని ఇప్పుడు అర్థమవుతోంది.

మూడో రోజు మధ్యాహ్నం నాయన అన్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. నేను తింటుంటే ఆయన కిటికీ పక్కన నిలబడి డాంగిల్ దీపం వైపే చూస్తున్నాడు. వెలిగింది, గబగబా మినుకుమంది, ఆరింది. కాసేపాగి మళ్ళీ వెలిగింది.

"ఏందిరా ఇది, ఎత్తుకుంటా పడిపోతా ఉంది?" అన్నాడు.

"సాఫ్ట్‌వేరు సమస్య నాయనా."

"లో వోల్టేజీలో స్టార్టరు కాంటాక్టరు ఇట్నే కొట్టుకుంటది టకటక. పట్టుకుంటది, లోడు పడంగానే వోల్టేజీ కుంగుద్ది, వదిలేస్తది. వదలంగానే వోల్టేజీ లేస్తది, మళ్ళా పట్టుకుంటది."

"ఇది మోటారు కాదు నాయనా. వోల్టేజీ చూశాలే. ఐదుకు ఐదూ ఉంది."

నిజంగానే చూశాను, ఆ ఉదయమే. చార్జరు నోట్లో మీటరు ముళ్ళు పెట్టి, తీగ ఊడదీసి, ఏ లోడూ లేకుండా. 5.06 చూపించింది. తృప్తిపడి మీటరు పక్కన పెట్టేశాను.

"ఏడ చూశావు?"

చెప్పాను.

"ఊరికే ఉన్నప్పుడు చూస్తే ఏం తెలుస్తదిరా? లోడు మీద చూడు. ఈ కొసన చూడు" అన్నాడు, బోర్డు వైపు వేలు పెట్టి.

పన్నెండేళ్ళ వయసులో నేను టార్చిలైటు పట్టుకుని నిలబడితే ఆయన స్తంభం దగ్గర రైతులకు చెప్పిన మాట అది, అక్షరం మారకుండా. మోటారు ఆపి ఉన్నప్పుడు మీటరు 400 పైన చూపిస్తుంది, ఎత్తించగానే చివరి స్తంభం దగ్గర కుంగిపోతుంది. మోటారు బతుకు ఆ కుంగిన అంకె మీద ఉంటుంది. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మోటారు అన్నప్పుడే అది నాకు గుర్తుకొచ్చేది. కంప్యూటరు అనేసరికి అది వేరే లోకం సంగతి అనుకున్నాను.

అన్నం సగంలో వదిలి లేచాను. బోర్డు మీద టీపీ1, టీపీ2 అని రెండు చుక్కలుంటాయి, 5 వోల్టులు కొలవడానికే పెట్టినవి. అక్కడ 4.75కు తగ్గకూడదు. నాయన ముళ్ళు పట్టుకున్నాడు, నేను డాంగిల్ ఊడదీసి చూశాను. 4.7. ఊరికే ఉన్న బోర్డుకే చాలడం లేదు. డాంగిల్ పెట్టి ఇంటి లాప్‌టాప్‌కు ఒక పెద్ద ఫైలు పంపడం మొదలుపెట్టాను. అంకె 4.5 దగ్గరికి జారింది, ఊగింది, దీపం ఆరింది, అంకె పైకి లేచింది. ఫర్మ్‌వేర్ మళ్ళీ లోపలికి పోయింది, రేడియో లేచింది, అంకె జారింది. నలభై దాటిన ఆ సంఖ్యలన్నీ ఇవే. లాగు ఇన్నాళ్ళూ చెబుతున్నది దీన్నే.

నాయన తెల్ల తీగను చేతిలోకి తీసుకుని కళ్ళజోడు పైకి జరిపి దాని తొడుగు మీది సన్నటి అక్షరాలు చదవమన్నాడు. 28 ఏడబ్ల్యూజీ అని ఉంది. మంచి తీగల్లో డేటాకు 28 గేజీ వాడినా కరెంటుకు 24 గేజీ వేస్తారు. దీంట్లో నాలుగింటికీ 28. గేజీ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. 28 గేజీ రాగి మీటరుకు 0.21 ఓమ్ పైచిలుకు. రెండు మీటర్లు పోను, రెండు మీటర్లు రాను, నాలుగు మీటర్లకు 0.85. బోర్డు, డాంగిల్ కలిసి 0.65 ఆంపియర్లు లాగితే దారిలోనే అర వోల్టు పైన పోతుంది. ఐదులో అర అంటే పదో వంతు. నాయన ఈ లెక్క వేయలేదు. కత్తెరతో కొస కత్తిరించి ఎర్ర తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించాడు. నాలుగు దశాబ్దాలుగా రాగి తీగను వేళ్ళతోనే కొలిచిన మనిషి. "ఇందులో పోయేది ఎంతరా" అని మాత్రం అన్నాడు.

లావు తీగ తెస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఐదు వోల్టులు ఇంత దూరం ఎందుకు మోస్తన్నావు? బ్యాటరీ పన్నెండు కదా. ఆ పన్నెండునే పైకి తీసకపో, దించేదాన్ని బోర్డు పక్కన పెట్టుకో." తర్వాత కిటికీలోంచి బయటికి చూపించాడు. మా బోరుకు ఇరవై అడుగుల్లో స్తంభం మీద చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంది. నా చిన్నప్పుడు అక్కడ అది లేదు. ఊరి దగ్గర ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, అక్కణ్ణుంచి పొలాల నిండా లో టెన్షన్ తీగలు, చివరి బోర్లకు వోల్టేజీ ఉండేది కాదు, ఏటా మోటార్లు కాలేవి. తర్వాత హెచ్‌వీడీఎస్ అనే పద్ధతి కింద 11 కేవీ లైనును బోర్ల దాకా తెచ్చి, నాలుగైదు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. మోసుకొచ్చేటప్పుడు వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ, దారిలో నష్టం తక్కువ. వాడేచోటికి వచ్చాక దించడం. ఆ లైను పడ్డ ఏడాది నాయన షాపుకు రీవైండింగు పని బాగా తగ్గింది. అయినా ఆయన సంతోషించాడని నాకు తెలుసు. ఆ ట్రాన్స్‌ఫార్మరు నీడలోనే కూర్చుని నేను మూడు రోజులు కెర్నెల్‌ను అనుమానించాను.

పావుగంటలో అయిపోయింది. రెండున్నర స్క్వేరు తీగతో 12 వోల్టులను కిటికీ దాకా తీసుకెళ్ళాడు. కారు చార్జరును బోర్డు పక్కన మేకుకు కట్టాడు. ఆ మూరెడు లావు తీగ నా బ్యాగులో ఉంది, హైదరాబాదు నుంచి తెచ్చిందే. లోడు మీద 4.93. పెద్ద ఫైలు మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి ఊడకుండా వెళ్ళింది. సెట్టింగుల ఫైల్లో ఆ ఒక్క మాటా మార్చాను. నాయన మీటరు ముళ్ళు చుట్టి పెట్టెలో పెట్టి, సగం మిగిలిన అన్నం తినమన్నాడు.

ఆ తర్వాత గంట ఏళ్ళపాటు నడిచింది. పగటిపూటే కరెంటు ఇవ్వడం మొదలయ్యాక దాని అవసరం తీరిపోయింది. బోర్డు ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది, పెద్ద డాంగిల్ కూడా. ఎవరైనా కుర్రవాళ్ళు చిన్న బోర్డుల మీద వైఫై నిలవడం లేదని అడిగితే లాగు, గుర్తింపు సంఖ్య, ఫర్మ్‌వేర్ అన్నీ చూస్తాను. వాటికన్నా ముందు పని చేస్తున్న బోర్డు మీద రెండు ముళ్ళు పెట్టి మీటరు చూడమంటాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మా నాయన దగ్గర అంటాను. ఆయనకు మాత్రం ఆ రోజు షెడ్డులో థాంక్స్ చెప్పినట్టు గుర్తులేదు. మా ఇళ్ళలో తండ్రికి థాంక్స్ చెప్పే అలవాటు లేదని సర్దుకోవచ్చు. కానీ చెప్పాల్సింది అదొక్కటే కాదు.

ఆ రాత్రి ఫైలు నా దగ్గర ఇంకా ఉంది. లాప్‌టాపులు మారినా వెంట తెచ్చుకున్నాను. 11 గంటల 40 నిమిషాలకు "ఉన్నాను" అని ఒక వరస, దాని కింద ఏమీ లేదు. ఈ మధ్య నాయనకు నిజంగానే వినికిడి తగ్గింది. ఫోన్లో మాట అందకపోతే "నాకు సరిగ్గా వినపడదులేరా, అప్పట్నించే అంతే" అంటాడు. అప్పట్నించి అనే మాట విన్నప్పుడల్లా నాకు గొంతు పెగలదు. ఆయనకు పత్రికలు చదివే అలవాటు పోలేదు.

నాయనా, ఆ రాత్రి గంట మోగలేదు.